గొట్టం సరే, గుండు మాటేమిటి?

పాత సైనిక గ్రెనేడ్ లాంచర్లను సేకరించి, సెలవు రోజుల్లో సరదాగా కాల్చే అమెరికన్ల గురించి కిందటి సంచికలో కొద్దిగా రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని సంపాదకులూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. కొత్త పాఠకుల కోసం ఒక మాట. నేను ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్‌లో మందుగుండు విభాగంలో పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. ఏడాదిలో కొంతకాలం సికింద్రాబాదులో, మిగతా కాలం టెక్సాస్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాను. అక్కడ మా పక్కింటాయన వియత్నాం యుద్ధంలో పోరాడినవాడు. ఆయన దగ్గర ఒక ఎం 79 ఉంది. అది 40 మిల్లీమీటర్ల గ్రెనేడును దూరం విసిరే లాంచర్, ఆ గ్రెనేడునే ఇక్కడ గుండు అంటున్నాను. ఈ విషయం మీద నాకు తెలిసినదాంట్లో సగం డిపోలో నేర్చుకున్నది, సగం ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నది.

సుబేదారు గారూ, 40 మిల్లీమీటర్ల గుండును భుజానికి ఆనించుకొని కాలిస్తే భుజం ఎముక నిలుస్తుందా?
*ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ*

నిలుస్తుంది. ఎందుకు నిలుస్తుందన్నదే ఈ ఆయుధంలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి.

మామూలు తుపాకీలో మందు అంటుకోగానే ఆ ఒత్తిడి అంతా నేరుగా తూటా వెనక పడుతుంది. ఎం 79 గుండుకు అలా కాదు. దాని కేసు, అంటే గుండు వెనకుండే లోహపు తొడుగు అడుగున గట్టి గోడలతో ఒక చిన్న గది ఉంటుంది. మందు ఆ గదిలోనే కాలుతుంది. లోపల ఒత్తిడి బాగా పెరిగాక, గది గోడకున్న సన్నని రంధ్రాల గుండా వాయువు చుట్టూ ఉన్న పెద్ద ఖాళీలోకి వస్తుంది. అక్కడికి చేరేసరికి ఒత్తిడి పదో వంతు కంటే తక్కువ. గుండును తోసేది ఈ మెత్తబడిన ఒత్తిడే. ప్రెషర్ కుక్కర్ వెయిట్ కింది నుంచి ఆవిరి వచ్చే తీరు గుర్తు తెచ్చుకోండి, సూత్రం తేలికగా పట్టుబడుతుంది. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో జర్మన్లు ఒక తేలికపాటి ట్యాంకు విధ్వంసక ఫిరంగి కోసం ఈ ఉపాయం కనిపెట్టారు. అమెరికన్లు దాన్ని చేతిలో ఇమిడే ఆయుధానికి తెచ్చారు.

అందుకే గొట్టం పలుచగా ఉన్నా చాలింది. మొత్తం ఆయుధం బరువు మూడు కిలోల లోపే, పొడవు 73 సెంటీమీటర్లు. గుండు సెకనుకు 76 మీటర్ల వేగంతో వెళ్తుంది. రైఫిల్ తూటా వేగంలో ఇది పదో వంతు. భుజానికి తగిలేది ఒక బలమైన నెట్టు మాత్రమే, దాన్ని కూడా భుజానికి ఆనే బట్టు చివర ఉన్న రబ్బరు దిండు కొంత మింగేస్తుంది. మీరు మెకానికల్ చదువుతున్నట్టయితే ఒత్తిడి, కాలం గీసే రెండు గ్రాఫులు పక్కపక్కన వేసి చూడండి. మామూలు తుపాకీది సూదిలా లేస్తుంది, దీనిది గుట్టలా ఉంటుంది.

నేను ప్లేనోలో హెచ్-1బి మీద పనిచేస్తున్నాను. మా ఆఫీసులో ఒకాయన దగ్గర ఎం 79, దానికి అన్ని కాగితాలూ ఉన్నాయి. ఈ శనివారం రేంజికి వచ్చి నాలుగు గుండ్లు కాల్చమంటున్నాడు. వెళ్లవచ్చా?
*సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, టెక్సాస్*

వెళ్లవద్దు. వెళ్లినా దూరంగా నిలబడి చూడండి, చేత్తో పట్టుకోవద్దు.

ఇంత కచ్చితంగా ఎందుకంటున్నానో వినండి. ఆయన కాగితాలు ఆయనకు రక్షణ, మీకు కాదు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని 1998 నుంచి అమెరికా ఫెడరల్ చట్టం చెబుతోంది. హెచ్-1బి, విద్యార్థి వీసా, అమ్మానాన్నలు వచ్చే విజిటర్ వీసా, అన్నీ ఇందులోకే వస్తాయి. ‘ఉండటం’ అంటే సొంతంగా కొనుక్కోవడం ఒక్కటే కాదు. రేంజిలో ఐదు నిమిషాలు అద్దెకు తీసుకొని పట్టుకున్నా అది ఉన్నట్టే లెక్క. ఈ నేరానికి శిక్ష 15 ఏళ్ల దాకా పడవచ్చు. ఆ పైన వీసా సంగతి చెప్పనక్కర్లేదు.

చట్టంలో మినహాయింపులున్న మాట నిజం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వాటిలో ఒకటి. మన పిల్లలు చాలామంది ఆన్‌లైన్‌లో ఆ లైసెన్సు తీసుకొని ధైర్యంగా రేంజికి వెళ్తున్నారు. గ్రెనేడ్ లాంచర్ మామూలు తుపాకీ కాదు. ఆ మినహాయింపును నమ్ముకొని దాని జోలికి పోయే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. లాయరు ఫీజు దండగ అనిపిస్తే, ఆ శనివారం ఇంట్లోనే ఉండండి. నేను గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా పక్కింటాయన లాంచర్‌ను కళ్లతో చూశానే తప్ప వేలితో తాకలేదు. ఇరవై ఏళ్లకు పైగా మందుగుండు మధ్య బతికినవాణ్ని, నాకైనా ఆ నియమమే.

ఇంకొకటి. కాల్చిన ఖాళీ కేసును జ్ఞాపకంగా సూట్‌కేసులో పడేసుకొని శంషాబాదులో దిగకండి. విమానాశ్రయంలో ఒక్క తూటా దొరికి పోలీసు స్టేషన్ మెట్లెక్కిన కుటుంబాలను నేను ఎరుగుదును.

అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి గ్రెనేడ్లు అమ్ముతుందా? నమ్మబుద్ధి కావడం లేదు.
*రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం*

మాస్టారూ, ప్రభుత్వం అమ్మదు. వ్యక్తుల మధ్య చేతులు మారడాన్ని గట్టి కట్టుబాట్లతో అనుమతిస్తుంది. ఇక్కడ లాంచర్‌ను, గ్రెనేడును విడదీసి చూడాలి. అక్కడి చట్టం కూడా అలాగే చూస్తుంది.

1934లో వచ్చిన నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ చట్టం మెషిన్ గన్నుల మీద 200 డాలర్ల పన్ను, రిజిస్ట్రేషను పెట్టింది. ఆ రోజుల్లో 200 డాలర్లంటే మామూలు మనిషి కొనే ఆలోచనే మానుకునేంత సొమ్ము. 1968లో చట్టాన్ని సవరించి, డిస్ట్రక్టివ్ డివైస్ అని ఒక వర్గాన్ని చేర్చారు. గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం దాటితే, క్రీడకు వాడే షాట్‌గన్ల వంటివి మినహాయిస్తే, ఆయుధం ఈ వర్గంలోకి వస్తుంది. ఎం 79 గొట్టం అంగుళంన్నర పైనే కదా. కాబట్టి కొనేవాడు వేలిముద్రలు, ఫోటో, దరఖాస్తు పంపాలి. స్థానిక పోలీసు అధికారికి తెలియజేయాలి. 200 డాలర్లు కట్టాలి. అనుమతి వచ్చేదాకా ఆయుధం అమ్మినవాడి దగ్గరే ఉంటుంది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లాలన్నా ముందుగా అనుమతి కావాలి. 2026 జనవరి నుంచి సైలెన్సర్ల వంటి వాటికి ఆ పన్ను తీసేశారు గాని, మెషిన్ గన్నులకూ, ఈ వర్గానికీ తీయలేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి రాష్ట్రాలు ఇవేవీ కుదరవని చెప్పేశాయి. టెక్సాస్, అరిజోనా ఒప్పుకుంటాయి.

ఇక గ్రెనేడు. పేలే ప్రతి గుండూ విడిగా ఒక డిస్ట్రక్టివ్ డివైస్. ఒక్కొక్కదానికీ వేరుగా రిజిస్ట్రేషను, వేరుగా 200 డాలర్లు, దాచడానికి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం కట్టిన గిడ్డంగి. గొట్టం ఒకసారి కొంటే జీవితాంతం ఉంటుంది. గుండు ఒక్కసారి పేలితే పోతుంది, దాని పన్నూ దానితోనే పోతుంది. అందుకే సేకరించేవాళ్లు కాల్చేది దాదాపు ఎప్పుడూ రంగు పొడి నింపిన సాధన గుండ్లే. దాంట్లో పేలుడు మందు ఉండదు కాబట్టి దానికి రిజిస్ట్రేషను అవసరం లేదు.

నా మటుకు నాకు ఇది చాలా తెలివైన చట్టంగా కనిపిస్తుంది. ప్రాణం తీసేది గుండు. కాబట్టి ఎక్కువ బరువు గుండు మీదే వేసింది.

మన దేశం సంగతి వేరు. 1959 ఆయుధ చట్టంలో బాంబులు, గ్రెనేడ్లు, షెల్లులు మందుగుండు నిర్వచనంలోనే ఉన్నాయి. గ్రెనేడ్ లాంచర్‌కు ఒక పౌరుడికి లైసెన్సు ఇచ్చే దారి లేదు. నిషిద్ధ ఆయుధం దగ్గర ఉంచుకుంటే ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల జైలు అని 2019 సవరణలో పెంచారు. ఈ విషయంలో నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు.

పెద్ద మనుషులు రంగు పొడి గుండ్లు కాల్చుకోవడంలో ఆనందం ఏముంది అన్నయ్యగారూ? మా ఇంట్లో మగపిల్లలు దీపావళికి చేసే పనే కదా.
*గృహిణి, నల్గొండ*

అమ్మా, ఒక్క గుండు ప్రయాణం చెబుతాను.

పక్కింటాయన లాంచర్ చెక్క బట్టు వాల్నట్‌ది, చెయ్యి పెట్టిన చోట నల్లగా నునుపు తేలింది. పైనున్న లివరును బొటనవేలితో కుడికి నెడితే గొట్టం ముందుకు వంగి తెరుచుకుంటుంది. అలా తెరుచుకునేటప్పుడే సేఫ్టీ దానంతటదే పడుతుంది. లోపలికి తొంగిచూస్తే గొట్టంలో మెలికలు తిరిగిన ఆరు గాళ్లు కనిపిస్తాయి. గుండును అరచేత్తో లోపలికి తోసి, గొట్టం మూసి, గొట్టం మీద పడుకొని ఉన్న, గురి చూసే సైటును లేపి నిలబెట్టాలి. దాని మీద 75 నుంచి 375 మీటర్ల దాకా, పాతికేసి మీటర్లకు ఒక గీత. దూరాన్ని కంటితో కొలవాలి, గాలిని చెంపతో పసిగట్టాలి. వేరే సాయం ఏమీ ఉండదు.

కాలిస్తే చెవులు చిల్లుపడే మోత రాదు. ‘దబ్’ మని లోతైన చప్పుడు వస్తుంది. అమెరికన్ సైనికులు దీనికి ‘థంపర్’ అని పేరు పెట్టింది అందుకే. తర్వాత అసలైన విషయం. గుండు నెమ్మది కాబట్టి, వెనక నిలబడ్డ మనిషికి అది ఆకాశంలో పోవడం కనిపిస్తుంది. ఒక నల్లని చుక్క పైకి లేచి, పైన కాసేపు ఆగినట్టుండి, కిందికి వాలుతుంది. 200 మీటర్ల దూరానికి మూడు సెకన్లు పడుతుంది. ఆ మూడు సెకన్లూ అందరూ మాట మానేస్తారు. అక్కడ తుప్పు పట్టిన పాత పికప్ ట్రక్కు డొక్కు తలుపు మీద నారింజ రంగు దుమ్ము లేస్తే ఒక కేక. పక్కన మట్టిలో లేస్తే, కాల్చినవాడు సైటును ఒక గీత జరుపుకుంటాడు.

ఇది గురి చూసి రాయి విసరడంలోని ఆనందమే. మనిషికి చాలా పాతది. పక్కింటాయనకు ఇంకొకటి కూడా ఉంది. పందొమ్మిదేళ్ల వయసులో ఆ ఆయుధాన్ని మోసుకొని అడవుల్లో తిరిగాడు. దాన్ని మోసేవాడి చేతిలో మిగతావాళ్లకున్న రైఫిల్ ఉండదు, ఒక్క గుండు కాల్చాక మళ్లీ నింపుకునేదాకా చేతిలో ఉన్నది ఇనుప గొట్టమే. ఆ ఇబ్బంది వల్లే 1969 నాటికి రైఫిల్ కిందనే తగిలించే ఎం 203 వచ్చింది. ఆయన మాత్రం ఎం 203 కొనలేదు. యుద్ధంలో మనుషుల వైపు కాల్చినదాన్ని ఇప్పుడు ట్రక్కు డొక్కు మీద నారింజ రంగు చల్లడానికి వాడుతున్నాడు. ఆ పూట ఆయన ముఖం చూసినవాళ్లెవరూ అది పిల్లచేష్ట అనలేరమ్మా.

మా తాతగారు మద్రాసు రెజిమెంటులో ఉండేవారు. ఫోటోలో ఆయన చేతిలోని రైఫిల్‌కు ముందుభాగమంతా తీగ చుట్టి ఉంది. విరిగిపోతే కట్టు కట్టారా?
*ప్రైవేటు ఉద్యోగి, కడప*

విరగలేదు, విరగకుండా కట్టారు. మీరు పంపిన ఫోటో చూసి నాకు చాలా సంతోషమేసింది. అది గ్రెనేడ్ విసరడానికి కేటాయించిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్. మన సైన్యానికి గ్రెనేడ్ లాంచర్ అంటే ఎన్నో ఏళ్లపాటు ఇదే.

గొట్టం మూతికి గిన్నెలాంటి ఒక ఉక్కు కప్పు బిగిస్తారు. అందులో 36 నంబరు గ్రెనేడు కూర్చుంటుంది, అదే చేత్తో విసిరే గ్రెనేడు. కాకపోతే అడుగున ఒక గుండ్రటి ఉక్కు బిళ్ల బిగించి ఉంటుంది. గ్రెనేడును కప్పులోకి దించాక పిన్ను తీస్తారు. గ్రెనేడు పక్కనుండే మీటను కప్పు గోడే నొక్కిపట్టి ఉంచుతుంది. రైఫిల్‌లో తలలేని తూటా వేసి, బట్టును నేలకు ఆనించి కాలుస్తారు. గ్రెనేడు కప్పు దాటగానే మీట ఎగిరిపోయి ఫ్యూజు అంటుకుంటుంది. చేత్తో విసిరేదానికి నాలుగు సెకన్ల ఫ్యూజు, దూరం పోవాలి కాబట్టి దీనికి ఏడు సెకన్లు. కప్పు పక్కన ఉండే చిన్న కిటికీని ఎక్కువ తెరిస్తే వాయువు బయటికి పోయి గ్రెనేడు దగ్గరలో పడుతుంది, మూస్తే దూరం పోతుంది. ముప్పావు కిలో బరువున్న ఇనుమును ఎగరేసేటప్పుడు వెనక్కి తగిలే దెబ్బకు చెక్క చీలిపోయేది. ఒకవేళ గొట్టమే పగిలినా ముక్కలు సైనికుడి ముఖం మీదికి రాకూడదు. తీగ అందుకు.

బెంగాల్‌లోని ఇషాపూర్ ఆయుధ కర్మాగారంలో తయారై ఇలా తీగ చుట్టిన రైఫిళ్లు మిగులు సామానుగా అమెరికాకు చేరాయి. అక్కడి సేకర్తలకు అవంటే ప్రాణం. ఒకసారి ఒకాయన నాకు చూపించి, తీగ ఊడదీసి చెక్క పాలిష్ పట్టిస్తే అందంగా ఉంటుందా అని అడిగాడు. అలా చేయవద్దని చేతులు పట్టుకొని చెప్పాను. ఆ తీగను కుదురుగా చుట్టి, టంకం వేసి నిలిపిన పనివాడు మన దేశపు ఆర్మరర్, అంటే ఆయుధాలు బాగుచేసేవాడు. మీ ఫోటోను కూడా లామినేషన్ చేయించకండి, దాని వెనక తేదీ ఏమైనా ఉంటే పెన్సిలుతో వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి.

పాత ఇనుములో కోడిగుడ్డు కంటే కొంచెం పెద్దదిగా, నున్నగా ఉన్న గుండొకటి వచ్చింది. చుట్టూ గీతలు పడి ఉంది. శుభ్రం చేసి షోకేసులో పెట్టుకోవచ్చా?
*పాత సామాను వ్యాపారి, బాపట్ల జిల్లా*

ఈ ఉత్తరం చదివిన రోజే సంపాదకులతో మీకు ఫోను చేయించాను. పోలీసులు వచ్చి తీసుకెళ్లారని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. మిగతా పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నాను, దయచేసి శ్రద్ధగా చదవండి.

40 మిల్లీమీటర్ల గుండు గొట్టంలోంచి మెలితిరుగుతూ బయటికొస్తుంది. ఆ తిరుగుడుకే లోపలి ఫ్యూజు తాళం తెరుచుకుంటుంది. 14 మీటర్ల నుంచి 28 మీటర్ల మధ్య ఎక్కడో అది పేలడానికి సిద్ధమవుతుంది. కాల్చినవాడి కాళ్ల దగ్గర పేలకుండా పెట్టిన ఏర్పాటు అది. ఇప్పుడు ఆలోచించండి. కాల్చాక ఏ బురదలోనో మెత్తగా పడి పేలకుండా మిగిలిపోయిన గుండుకు ఆ తాళం ఎప్పుడో తెరుచుకుంది. పెట్టెలో ఉన్న కొత్త గుండు కంటే నేల మీద దొరికిన పాత గుండు ఎన్నో రెట్లు ప్రమాదం. చుట్టూ గీతలు పడి ఉన్నాయని రాశారు. అవి గొట్టం గాళ్ల ముద్రలైతే, అది కాల్చిన గుండే. తుప్పు పట్టిందంటే చచ్చిపోయిందని కాదు. వియత్నాం, లావోస్ పొలాల్లో యాభై ఏళ్ల కిందటి గుండ్లు ఈనాటికీ రైతుల, పిల్లల ప్రాణాలు తీస్తున్నాయి.

రంగును నమ్ముకోవచ్చా అని అడుగుతారు. అమెరికా, నాటో సైన్యాల లెక్కలో నీలం సాధన గుండుకు, పసుపు పేలుడు మందుకు, గోధుమ రంగు తక్కువ శక్తి గల మందుకు గుర్తు. డిపోలో, పెట్టె మీది కాగితంతో సహా ఉన్నప్పుడు ఈ రంగులు పనికొస్తాయి. ఇనుప కొట్టులో కాదు. నీలం మీద గోధుమ పట్టీ ఉంటే, సాధన గుండే అయినా లోపల మందుంది. మట్టిలో ఏళ్ల తరబడి పడున్నదానికి ఏ రంగు మిగిలిందో ఎవరు చెప్పగలరు? అమెరికాలో పేరున్న సేకర్తలు సైతం, లోపలిది తీసేసి చూపించడానికి అడ్డంగా కోసిన గుండునే అల్మారాలో పెడతారు. కాగితం లేని గుండును గుమ్మం లోపలికి రానివ్వరు.

కాబట్టి ఎవరికి దొరికినా ముట్టవద్దు, కదపవద్దు, నీళ్లు పోయవద్దు, ఫోటో కోసం దగ్గరికి వెళ్లవద్దు. పిల్లల్ని దూరం పంపండి. అక్కడికి ఎవరూ రాకుండా చూసి 112కు ఫోను చేయండి. బాంబు డిస్పోజల్ వాళ్లు వచ్చేదాకా అది ఎక్కడుందో అక్కడే ఉండాలి. మీ కొట్టులో పనిచేసే కుర్రాళ్లకు గుండు, షెల్లు, ఫ్యూజు ఆకారాలు కాగితం మీద గీసి చూపించండి. తూకానికి ఇనుము కొనేటప్పుడు ముందు వాళ్ల చెయ్యే పడుతుంది, మీది కాదు.

నాకు పదహారేళ్లు. ఇవన్నీ చదివాక నాకూ కాల్చాలని ఉంది. మన దగ్గర దారి లేదా?
*ఇంటర్ విద్యార్థి, ఖమ్మం*

గ్రెనేడ్ లాంచర్‌కు లేదు బాబూ. గురికి ఉంది. 0.177 అంగుళాల ఎయిర్ రైఫిల్‌కు, చట్టం చెప్పిన శక్తి దాటనంతవరకు, లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల రేంజి ఉన్న క్లబ్బులో చేరు. గగన్ నారంగ్, ఈషా సింగ్ హైదరాబాదు నుంచే ఒలింపిక్స్ దాకా వెళ్లారు. ఎగిరేదాన్ని కళ్లతో వెంటాడటమే నీకు నచ్చితే ట్రాప్ షూటింగ్ చూడు. అందులో గాలిలోకి విసిరిన మట్టి పలకను షాట్‌గన్‌తో కొట్టాలి. మన హైదరాబాదు కుర్రాడు కైనాన్ చెనాయ్ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జట్టుతో స్వర్ణం, ఒంటరిగా కాంస్యం తెచ్చాడు. ట్రాప్‌కు ఖర్చు ఎక్కువ, అది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టి, ఏడాది తర్వాత నాకు ఇంకో ఉత్తరం రాయి.